కావాలని తప్పు గీసిన ముక్కు

“సువార్తా, ఆ ముక్కు నేనే చెడగొట్టేనంటావా?”

“ఇప్పుడెందుకండీ ఆ ముక్కు సంగతి? జావ చల్లారిపోతుంది, ముందు తాగండి.”

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు ఇవే. రెండు చెంచాలు తాగి, చాలని చెయ్యి అడ్డం పెట్టి, గోడ వేపు తిరిగి పడుకున్నారు. తెల్లారి గుడి గంట కొట్టేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. ఆఖర్న ఏం మాట్లాడేరమ్మా అని పాస్టరు గారు అడిగితే, ప్రార్థన చేసుకున్నారండి అని చెప్పేను. ఆయన ఆ మాట పట్టుకెళ్ళి, పోయినవాళ్ళ ఇంటివాళ్ళ కోసం పెట్టే ఆదరణ కూడికలో మైకులో చెప్పేరు. అందరూ స్తోత్రం అన్నారు. నేను తలొంచుకు కూర్చున్నాను. నా మొగుడు పోయే ముందు అడిగింది నన్ను, అదీ ఒక ముక్కు గురించి. ముప్పై ఏళ్ళ పైన ఆ మాట అడుగుతారేమోనని కాచుక్కూర్చున్నదాన్ని, తీరా అడిగిన రోజున జావ తాగమన్నాను. ఈ మంట ఎవరి మీద చూపించను? అందుకని చెప్తున్నాను. ఆయనకి అందకపోయినా జవాబు ఎక్కడో ఒకచోట ఉండాలి గదా.

కరుణా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. కరుణంటే మా ఆడపడుచు కూతురు, ఇక్కడే మామిడికుదురులో టీచరు. టీచర్లకి ఒక జబ్బుంది, ఎదటివాళ్ళ మాట దిద్దకుండా ఉండలేరు. నాకు చదువు లేదు. సంతకం వచ్చు, పాటల పుస్తకంలో పెద్దక్షరాలు కూడబలుక్కుంటాను. పెళ్ళైన కొత్తలో మేష్టారు పలక కొనిచ్చి రెండు నెలలు కూర్చోబెట్టేరు గాని, నేను పలక ముందు కూర్చుంటే గేదె దగ్గర ఎవరు కూర్చుంటారని మా అత్తగారు అడిగింది, పలక అటకెక్కింది. మేష్టారంటే హైస్కూల్లో డ్రాయింగు మేష్టారు. ఊరంతా మేష్టారనే పిలిచేది, నేనూ అదే అన్నాను. ఆయన పేరు నా నోటితో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు ఈ కాయితం కోసం అనను.

అప్పట్లో మా ఇల్లు రాజోలుకి ఇవతల, కాలవ గట్టున. పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక కొబ్బరి డొక్కల పొయ్యి. పొద్దున్నే ఇల్లంతా కాలిన మందార పుల్లల వాసన ఉండేది. మేష్టారు మందార పుల్లలు చీరి, ఎండబెట్టి, పాలపిండి డబ్బాలో కూరి, మూత బిగించి నా పొయ్యిలో తోసేవారు. బొమ్మలు గీసే బొగ్గు అలా తయారయ్యేది. కూర మాడినా ఫరవాలేదు గాని ఆ డబ్బా కదిపితే ఒప్పుకునేవారు కాదు. గీసింది చెరపడానికి ఆయనకి రొట్టె కావాలి, మెత్తటి బేకరీ రొట్టె. ఆ రోజుల్లో మా వేపు రొట్టె అంటే జ్వరమొచ్చిన వాళ్ళు తినేది. రొట్టె ముక్క నలిపి కాయితం మీద రుద్దుతుంటే మా అత్తగారు పొగాకు కాడ బుగ్గన పెట్టుకుని గుమ్మంలో కూర్చుని చూసేది. ఒకరోజు ఉండబట్టలేక, “ప్రభువు ఐదు రొట్టెలతో అంతమందికి పెట్టేడు, నా కొడుకు రొట్టెతో మీసాలు చెరుపుతున్నాడు” అంది. మేష్టారు నవ్వి, ఆ చెరిపిన నల్లముక్కే ఆవిడ చేతిలో పెట్టేరు.

పోలీసు బొమ్మలు ఎలా మొదలయ్యేయో చెప్తాను. ఏ స్టేషనో రాయకు కరుణా, వాళ్ళ పిల్లలూ మనవలూ ఉంటారు. రేవు దారిలో ఒకావిడ మెళ్ళో గొలుసు ఎవడో లాక్కుపోయేడు. ఎలా ఉంటాడమ్మా అంటే స్టేషన్లో ఆవిడకి నోరు పెగల్లేదు. అక్కడి హెడ్ కానిస్టేబులు, హెడ్డు గారంటాం, ఆయన అబ్బాయికి మేష్టారు డ్రాయింగు చెప్పేవారు. ఆ పరిచయం మీద హెడ్డు గారు ఆవిణ్ణి మా ఇంటికి తీసుకొచ్చేరు. మేష్టారు అరుగు మీద కాయితం పరుచుకుని, చెప్పండమ్మా అన్నారు. మొగాయన ఎదుట ఆవిడేం చెప్తుంది, ఏడుస్తుంది. నేను ఆవిణ్ణి వంటింట్లోకి తీసుకెళ్ళి, పీట వేసి, వంకాయలు తరుగుతా మాటల్లో పెట్టేను. ముక్కు ఎలా ఉందంటే ఎవరూ చెప్పలేరు. నువ్వు చెప్పగలవా? మీ ఇంట్లో ఎవరి ముక్కులా ఉందంటే మాత్రం టక్కున చెప్తారు. మా చిన్నాడపడుచు మొగుడి ముక్కండి అంది. నుదురు? మా ఊరి పోస్టుమేన్ గారిదండి. నేను గుమ్మం దగ్గరికొచ్చి ఆ మాటలు మేష్టారికి అందించేదాన్ని, ఆయన గీసేవారు. చూడని మొహాలైతే చూసి రావాలి గదా. ఒకసారి గడ్డం కోసం మేమిద్దరం బస్సెక్కి మామిడికుదురు వచ్చేం. ఆ గడ్డం గలాయన దగ్గర కొబ్బరికాయలు బేరమాడినట్టు గంటసేపు నిలబడ్డాం. తీరా ఏమీ కొనకుండా కదిలేసరికి, పెళ్ళి సంబంధానికి వచ్చేరా అండీ, మాకు పిల్లల్లేరు అన్నాడాయన. బస్సులో మేష్టారు నవ్వాపుకోలేక నా భుజం మీద వాలిపోయేరు. అంత చనువుగా బయట ఆయన ఉన్నది ఆ ఒక్కసారే.

అక్షరం రాదు గాని, నేనొక మొహం చూసేనంటే చచ్చేదాకా పోదు. మేష్టారికి చెయ్యి ఉంది, నాకు కన్నుంది. ఆ మాట ఆయనా అనేవారు, ఇంట్లో మాత్రం. స్టేషను వాళ్ళకి మేష్టారు ఒక్కరే తెలుసు. దొంగ దొరికినప్పుడల్లా హెడ్డు గారు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేవారు, నేను కాఫీ గ్లాసులు తీసుకుపోయేదాన్ని.

ఆయన పని తీరులో రెండు కిటుకులుండేవి. కళ్ళు ఆఖర్న వేసేవారు. కాయితంలోంచి చూపు వచ్చిందంటే చెప్పేవాళ్ళు జడుసుకుని నోరు మూసేసుకుంటారట. రెండోది, ఎక్కడో ఒకచోట కావాలని తప్పు గీసేవారు, ఎక్కువగా ముక్కు. బడిలో పిల్లలకి నల్లబల్ల మీద వేసే కోటేరు ముక్కు ఒకటుంది, తిన్నగా, నున్నగా. అది పెట్టి, ఇలాగేనా అమ్మా అని అడిగేవారు. కాదండీ, ఇది కాదు అన్నారా, మనిషి నిజంగా చూసినట్టు, అక్కణ్ణించి అసలు బొమ్మ మొదలవుతుంది. ఎదటి మనిషి కాదనాలి, ఆయన పనంతా ఆ కాదు మీదే నిలబడింది. ఈ సంగతి నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు, హెడ్డు గారికి కూడా.

మా వేపు గ్యాసు కోసం నేల కొలిచే వాళ్ళు కొత్తగా తిరుగుతున్న రోజులు. పక్క ఊళ్ళో ఒక ఇంటికి మిట్టమధ్యాహ్నం ఒకడొచ్చేడు. నేల కొలవడానికి వచ్చేను, మంచినీళ్ళిమ్మన్నాడు. ఇంట్లో ముసలి మావగారు, కొత్త కోడలు వెంకటలక్ష్మి. ఆ పిల్ల నీళ్ళకి వెళ్ళొచ్చేలోగా బీరువాలో చెయ్యి పెట్టేడు. ముసలాయన అడ్డమొస్తే తోసేసి నగలతో పారిపోయేడు, రుబ్బురోలు మీద పడి ముసలాయన తల పగిలింది. మూడో రోజున అమలాపురం ఆస్పత్రిలో పోయేడు. ఇది గొలుసు కేసు కాదు, ప్రాణం పోయిన కేసు. హెడ్డు గారితో పాటు సర్కిలు ఇనస్పెక్టరు గారు జీపులో మా ఇంటికొచ్చేరు. మా ఇంటి ముందు జీపు ఆగడం అదే మొదలు. మేష్టారు తెల్లచొక్కా వేసుకున్నారు. చొక్కా చూడగానే నాకు మనసు కీడు శంకించింది, బొగ్గు పని తెల్లచొక్కాతో ఎవరు చేస్తారు?

సర్కిలు గారు కుర్చీలో కూర్చున్నారు. వెంకటలక్ష్మి బావగారు, అంటే పోయినాయన పెద్దకొడుకు, స్తంభం దగ్గర నిలబడ్డాడు. ఆ పిల్లని అరుగు మధ్యలో నిలబెట్టేరు. వాళ్ళ ఇళ్ళల్లో కోడలు బావగారి ఎదుట తలెత్తకూడదు, గొంతెత్తకూడదు. మన ఇళ్ళల్లోనూ అంతే అనుకో, పేరుకి క్రైస్తవులం. ఆ పిల్లని లోపలికి తీసుకెళ్తానండి అన్నాను. ఎందుకమ్మా, పెద్దలందరం ఇక్కడే ఉన్నాం గదా, ముందు కాఫీ చూడండి అన్నారు సర్కిలు గారు. మేష్టారు నా వేపు చూడలేదు.

పొయ్యి దగ్గర్నించి నాకు అంతా వినపడతానే ఉంది. మొహం గుండ్రమా అమ్మా? ఆయ్. జుట్టు ఒత్తేనా? ఆయ్. నుదురు ఇంతేనా? ఆయ్. అన్నిటికీ అవుననే. బావగారు మధ్యలో, సరిగ్గా చెప్పమ్మాయ్ అని గదమాయిస్తున్నాడు. నేను గుమ్మంలోకొచ్చి చూసేను. ఆ పిల్ల కళ్ళు కాలి బొటనవేలి మీదున్నాయి, కాయితం మీద లేవు. తల ఎత్తనే లేదు. మేష్టారు కోటేరు ముక్కు పెట్టేరు, ఇలాగేనా అమ్మా అన్నారు. ఆయ్ అంది. ఆయన బొగ్గు ఆగింది. మళ్ళీ అడిగేరు, మెల్లగా, చూసి చెప్పమ్మా అని. ఆయ్ మేష్టారండీ అంది. పెద్ద మేష్టారు గీసింది కాదని వాళ్ళ బావగారి ఎదుట ఏ నోటితో అంటుంది? సర్కిలు గారు లేచి, “రెండుసార్లు ఒప్పుకుంది కదండీ మేష్టారూ, ఇంకెంతసేపు, కళ్ళు పెట్టేయండి” అన్నారు.

నేను ఆ పిల్లకి మంచినీళ్ళిస్తానని చెప్పి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చేను. తలుపు చాటుకి రాగానే నా మొహంలోకి చూసింది, ఆ రోజు తలెత్తింది అదే మొదలు. ముక్కు అలా ఉందా అమ్మా అంటే, “లేదండి అక్కగారూ. కొన కిందికి వంగి ఉందండి, మధ్యలో గంటు పడి ఉంది. ఎడం కనుబొమ్మ సగమే ఉందండి, కాలిపోయినట్టు” అంది. ఆ మొహం నా కళ్ళకి కట్టినట్టు కనపడింది. ఉత్తి చేతులతో బయటికొచ్చి మేష్టారి వెనక నిలబడి, ఏవండీ, ముక్కు అది కాదంటండి, కనుబొమ్మ సగమేనంటండి అన్నాను. గట్టిగానే అన్నాను. సర్కిలు గారు నవ్వేరు. “మేష్టారూ, మీ ఇంట్లో నా పైన ఇంకో ఆఫీసరు గారున్నారన్నమాట” అన్నారు. బావగారూ నవ్వేడు, హెడ్డు గారూ నవ్వేరు. మేష్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి తెలుసు అది తప్పు ముక్కని, కావాలని పెట్టిందని. నాకు తెలుసని కూడా తెలుసు. “నువ్వు లోపలికెళ్ళు సువార్తా. కాఫీ సంగతి చూడు” అన్నారు. కళ్ళు వేసేసేరు.

నేను లోపలికెళ్ళేను. కాఫీ కలిపేను. కరుణా, ఇది రాసేవా? లోపలికెళ్ళి కాఫీ కలిపేను అని రాయి.

ఆ బొమ్మ బస్టాండులోనూ కల్లు కొట్టు దగ్గరా అంటించేరు. పది రోజులకి ఎవరో చెప్పేరు, ఇతను ఫలానా సత్తిబాబులా ఉన్నాడే అని. సత్తిబాబు చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసే కూలీ. గుండ్రటి మొహం, ఒత్తు జుట్టు, ముక్కు కోటేరు ముక్కు. రెండు కనుబొమ్మలూ నిండుగా ఉన్నాయి. పట్టుకుపోయి వరసలో నిలబెట్టి, ఆ వచ్చినవాడెవడో చూపించమని వెంకటలక్ష్మిని అడిగితే అతన్నే చూపించింది. ఆ తర్వాత రాజోలు సంతలో కనపడింది నాకు. అదేంటమ్మా, నాతో వేరేలా చెప్పేవు గదా అని గట్టిగానే అడిగేను, తిట్టబోయేను కూడా. ఆ పిల్ల ఉల్లిపాయల గోనె పక్కన నిలబడి ఏడ్చింది. “బస్టాండు మీంచే కదండి అక్కగారూ రోజూ వెళ్ళేది. ఆ బొమ్మ చూసి చూసి నాకు ఆ మనిషి మొహం పోయిందండి. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా బొమ్మే వస్తుందండి” అంది. ఇంక ఎవర్ని తిట్టను?

ఇంటికెళ్ళి ఆ మాట మేష్టారికి చెప్పేను. సర్కిలు గారికి చెప్పండి, అది ఉత్తుత్తి ముక్కని చెప్పండి అన్నాను. చూద్దాం అన్నారు. మర్నాడు చొక్కా తొడుక్కుని బయల్దేరేరు గూడాను. కాలవ వంతెన దాకా వెళ్ళి వెనక్కొచ్చేరు, స్టేషన్లో ఎవరూ లేరట అన్నారు. వంతెన మీంచి స్టేషను కనపడదు. నేనొక్కదాన్ని వెళ్ళొచ్చు గదా అంటావు. వెళ్ళొచ్చు. మొగుడు గీసిన బొమ్మ తప్పని పెళ్ళాం వెళ్ళి చెప్తే ఆయన మళ్ళీ బళ్ళో ఎలా నిలబడతారు అనుకున్నాను. సత్తిబాబు ఎలా నిలబడతాడని అనుకోలేదు.

ఆరు నెలల తర్వాత జొన్నాడ వేపు ఎవడో నగలు అమ్మబోతా దొరికేడు. ముసలాయన ఇంట్లో నగలే. ఎడం కనుబొమ్మ సగమే ఉందట. హెడ్డు గారు వచ్చి చెప్పేరు, ఈసారి చెయ్యి ఊపలేదు, అరుగు ఎక్కలేదు. సత్తిబాబుని వదిలేసేరు. అప్పటికి అతని కుడి చెయ్యి భుజం దగ్గర్నించి పైకి లేవడం లేదు. ఎందుకు లేవడం లేదో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. చెయ్యి లేవనివాడు కొబ్బరిచెట్టు ఎలా ఎక్కుతాడు?

ఒక ఆదివారం గుడి నించి వచ్చేసరికి మా గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉంది. నల్లగా, సన్నగా, చంకలో పిల్ల. సత్తిబాబు పెళ్ళాం. తిడుతుందనుకున్నాను, తిడితే బావుణ్ణు అనుకున్నాను. మేష్టారు బైబిలు చేత్తో పట్టుకుని అలాగే ఆగిపోయేరు. ఆ మనిషి దండం పెట్టింది. “మేష్టారండీ, ఒక్క మాట అడుగుదామని వచ్చేనండి. మా ఆయన్ని మీరెప్పుడు చూసేరండీ? అంత బాగా గీసేరు” అంది. ఎగతాళి కాదు, నిజంగా అడిగింది. ఎక్కడో చూసే ఉంటారు, ఎందుకో కోపమొచ్చి ఉంటుంది, ఆ కోపమేంటో తెలిస్తే మనసు కుదుటపడుతుందని ఆ మనిషి ఆశ. మేష్టారు బైబిలు అరుగు మీద పెట్టేరు, మళ్ళీ తీసుకున్నారు. నేను లోపల్నించి బియ్యం తెచ్చి ఒళ్ళో పోయబోతే కొంగు పట్టలేదు. వద్దండి అమ్మగారూ, అడగడానికే వచ్చేనండి అని చెప్పి గట్టు మీద నడుచుకుంటా వెళ్ళిపోయింది.

అదయ్యేక మేష్టారు మొహాలు గియ్యలేదు. స్టేషను వాళ్ళు రెండుసార్లు కబురు పెట్టేరు, కళ్ళు ఆనడం లేదని చెప్పించేరు. బళ్ళో కుండలూ అరిటిపళ్ళూ గీయించేవారు. మందార పుల్లల డబ్బా నా పొయ్యిలోకి మళ్ళీ రాలేదు. రొట్టె రావడం మానేస్తే, వాడికి బుద్ధొచ్చింది అని మా అత్తగారు సంతోషించింది పాపం. మేం ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని, ఆయనకి తెలిసేది. కూరలో ఉప్పెక్కువైతే మెచ్చుకుని తినేవారు, నాకు ఒళ్ళు మండేది. ఒక్కసారి, నువ్వు చెప్పింది నిజం సువార్తా, నేను వినలేదు అంటే ఆయన సొమ్మేం పోయేది కాదు. నేను మటుకు ఎందుకు అడగలేదు? ఆయనే అడగాలని పంతం. అన్నేళ్ళు ఆ పంతం పట్టుకుని, ఆఖర్న ఆయన తన పంతం వదిలేస్తే నేను వదల్లేకపోయేను.

ఇప్పుడు సెంటర్లో ప్రతి స్తంభానికీ కెమెరా ఉంది. దొంగ మొహం దానంతటదే పడుతుందని, లేకపోతే కంప్యూటర్లో ముక్కూ కళ్ళూ ఏరి అతికిస్తారని కరుణ చెప్పింది. ఆడవాళ్ళని అడగడానికి ఆడ పోలీసులున్నారట. మంచిదే. మా రోజుల్లో ఇవన్నీ ఉంటే అనుకుంటాను, మళ్ళీ ఆగుతాను. ఆ రోజు మా ఇంట్లో లేనిదేముంది? చూసిన పిల్ల ఉంది, చెప్పించే నేనున్నాను, గీసే చెయ్యి ఉంది. అన్నీ ఒక్క గుమ్మానికి అటూ ఇటూ ఉన్నాయి. ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చోబెట్టినా, వెనక బావగారు నిలబడి ఉంటే ఆ పిల్ల ఏమంటుందో నాకు తెలుసు.

అవునండీ, మీరే చెడగొట్టేరు. తప్పని తెలిసి ఉంచేసేరు, సర్కిలు గారు నవ్వేరని. నేను కాఫీ కలిపేను, వంతెన దాకా మీరు వెళ్ళొచ్చిన రోజున నేను ముందుకెళ్ళలేదు. చెయ్యి పోయింది సత్తిబాబుకి. ఇదీ జవాబు. జావ వేడిగా ఉండగానే చెప్పాల్సింది.

కరుణా, ఇలా వెలుగులోకి వచ్చి మొదట్నించీ చదివి వినిపించు. నెమ్మదిగా చదువు. పెద్దదాన్నని మొహమాటపడి నువ్వు మెత్తగా మార్చిన మాట ఏదన్నా ఉంటే, కాదు, నేనలా అనలేదు అని అక్కడే ఆపుతాను. కొట్టేసి మళ్ళీ రాద్దూగాని. చదువమ్మా, వింటున్నాను.